కల యే భాషలో వచ్చినది?



ఒకనాడు తరగతిలో పిల్లలను "రాత్రి వచ్చిన కలలో మీరే భాష మాట్లాడితిరి?" అని యడిగితిని. కొందఱు నవ్విరి. కొందఱు "మరాఠీ" యనిరి. ఒక బాలుడు మాత్రము కొంత తడవు ఆలోచించి, "కలలో నాయనమ్మ నన్ను తెలుగులో పిలిచినదండీ; నేను మరాఠీలో బదులు చెప్పితిని" అనెను.

ఆ మాట నన్ను చాల దినములు విడువలేదు. పిలుపు తెలుగు, బదులు మరాఠీ. ఆ బాలుడు పెద్దవాడై తండ్రియైన పిమ్మట, అతని బిడ్డకు కలలో ఆ పిలుపైనను తెలుగున వినబడునా? ఈ ప్రశ్నకు సమాధానము మన దినచర్యలోనే యున్నది. అందుచేత వార్తలు, మాటలు, పాటలు, పుస్తకములు, కలలు అను నైదింటిని నేడు పరిశీలింతము.

వార్తలు

నాందేడు వార్తలను మరాఠీలో తెలిసికొనుట సహజము, అవసరము కూడ. కాని తెలుగు పత్రిక చదువుటకు మనకు వేఱొక కారణము కలదు. 1926లో సురవరము ప్రతాపరెడ్డిగారు హైదరాబాదున గోలకొండ పత్రికను స్థాపించిన కాలమున నాందేడు కూడ నిజాము రాజ్యములోనిదే. నాటి ప్రభుత్వభాష ఉర్దూ. 1918లో వెలసిన ఉస్మానియా విశ్వవిద్యాలయమున బోధనయు ఉర్దూలోనే. తెలుగు బాలుడును మరాఠీ బాలుడును నాడొకే పడవలో నుండిరి. తెలంగాణమున కవులు లేరను నిందకు జవాబుగా ప్రతాపరెడ్డిగారు 1934లో 354 మంది కవుల పద్యములతో గోలకొండ కవుల సంచికను వెలువరించిరి. వాదించుటకన్న చేసి చూపుట మేలని వారి నమ్మకము కాబోలు.

1956 నవంబరు 1న నాందేడు జిల్లా బొంబాయి రాష్ట్రమున చేరినది. 1960 మే 1న మహారాష్ట్ర మేర్పడినది. ఎల్లలు మాఱినవి గాని దెగ్లూరు, బిలోలి, ధర్మాబాదు ప్రాంతముల తెలుగు ఇండ్లు ఉన్నచోటనే యున్నవి.

మాటలు

రెండు భాషల నడుమ పెరుగుట భారమని కొందఱు తలంతురు. అది భారము కాదు, వేడుక. మూడు ఉదాహరణములు చూడుడు.

"శిక్ష" యన్నచో హిందీలో చదువు. మరాఠీలోను తెలుగులోను దండనము! ఇక్కడ మన రెండు భాషలును ఒక పక్షము.

"కంద" యని తెలుగు తల్లి యడిగినచో అంగడివాడు "కాందా" యనుకొని ఉల్లిగడ్డలు తూచును. సంస్కృత "కంద" శబ్దమునకు దుంప యని యర్థము. అదియే ఒకచోట కందగడ్డ యైనది, ఒకచోట ఉల్లి యైనది.

మరాఠీ మిత్రుని ఇంట విందునకు కూర్చున్న తెలుగు బాలుడు ఉత్సాహముతో "నాకు, నాకు" అన్నచో, ఆ యింటి తల్లి దానిని "నకో" యని విని వడ్డన మానవచ్చును. "నకో" యనగా వద్దు. భాష తెలియకున్న ఆకలి తీఱదు!

కావున మరాఠీని చక్కగా నేర్వుడు. ఇరుగుపొరుగు భాషను అరకొరగా మాట్లాడుట మర్యాద కాదు. అట్లే తెలుగును అరకొరగా మాట్లాడుటయు మర్యాద కాదు.

పాటలు

పాట మాటకన్న దూరము పోవును. శివాజీకి సవతి తమ్ముడగు ఏకోజీ తంజావూరున రాజ్యము స్థాపించెను. అతని కుమారుడు శాహజీ 1684 మొదలు 1712 వఱకు ఏలెను. ఇంటిభాష మరాఠీయైన ఆ రాజు తెలుగున పల్లకి సేవా ప్రబంధమను యక్షగానమును రచించెను. అనంతరము ఆ మరాఠా రాజ్యములోనే, తిరువయ్యారున, త్యాగరాజస్వామి తెలుగు కీర్తనలు పాడిరి. వారు 1847లో సిద్ధిపొందిరి. నేటికిని ఏటేట పుష్య బహుళ పంచమినాడు అచట విద్వాంసులు కూడి పంచరత్న కీర్తనలు పాడుదురు. వానిలో ఒకటి సంస్కృతము, నాలుగు తెలుగు. పాడువారిలో పెక్కురకు తల్లిభాష తమిళము. తెలుగు తమది కానివారే దానిని ఇంత శ్రద్ధగా కాపాడుచుండగా, మన ఇంటి బతుకమ్మ పాటను మనము మఱచుట తగునా?

పుస్తకములు

కథను విస్తరించి వ్రాసిన గ్రంథమును తెలుగువారు "నవల" యందురు, మరాఠీవారు "కాదంబరి" యందురు, హిందీవారు "ఉపన్యాస్" అందురు. పేర్లు మూడైనను చదువు ఆనంద మొక్కటే.

మనవంటి వారికి దారి చూపిన అక్కాతమ్ముల కథ యొకటి వినుడు. భండారు అచ్చమాంబగారు (1874–1905) భర్త ఉద్యోగ కారణమున మధ్యపరగణాలలో నివసించిరి. తమ్ముడు కొమఱ్ఱాజు లక్ష్మణరావుగారు (1877–1923) నాగపురమున చదివిరి. చుట్టును మరాఠీ, హిందీ. తెలుగు పాఠశాల లేదు. తమ్ముడు నేర్పగా అక్క చదువు సాగించెను. అచ్చమాంబగారు తెలుగులో తొలి కథలు వ్రాసినవారిలో నొకరైరి. వారి "ధనత్రయోదశి" 1902 నాటిది. లక్ష్మణరావుగారు మరాఠీలో వ్యాసములు వ్రాసిరి. తెలుగువారి కొఱకు శివాజీ చరిత్రమును తెలుగున వ్రాసిరి. 1901లో హైదరాబాదున శ్రీకృష్ణదేవరాయ ఆంధ్రభాషా నిలయమును స్థాపించినవారిలో నొకరు. 1906లో విజ్ఞాన చంద్రికా గ్రంథమండలిని నెలకొల్పిరి. మరాఠీ వారి తెలుగును తగ్గింపలేదు, పెంచినది. వారికి పాఠశాల లేకుండెను, పట్టుదల యుండెను. మనకు పాఠశాల యున్నది.

కలలు

కలను మనము ఏర్చుకొనలేము. పగలు విన్నది, చదివినది, పాడినది రాత్రి కలలో మెదలును. బావిలో నున్నదే చేదలోనికి వచ్చును గదా!

తల్లిదండ్రులకు ఒక మనవి. బాలునకు ప్రాథమిక దశలో మాతృభాషలో చదువు చెప్పుటకు వసతులు కల్పింపవలెనని రాజ్యాంగములోని 350ఎ అధికరణము చెప్పుచున్నది. అది 1956లో చేర్పబడినది. చట్టము పాఠశాలను ఈయగలదు. భోజనమువేళ మాటను ఈయజాలదు. అది మీరే ఈయవలెను. బిడ్డ తప్పుగా మాట్లాడినపుడు నవ్వకుడు. నవ్విన నోరు మూయును. మూసిన నోట భాష నిలువదు.

అభ్యాసము

1. ఒక వారము దినములు, లేచిన వెంటనే, కల యేదైన జ్ఞప్తియున్నచో తెలుగున మూడు వాక్యములలో వ్రాయుడు.

2. అర్థము వేఱై, వినుటకు ఒకే విధముగా నుండు తెలుగు, మరాఠీ మాటలు ఐదు సేకరింపుడు.

3. ఇంటిలోని పెద్దవారిని అడిగి ఒక పాటను పూర్తిగా వ్రాసికొనుడు. వారు పాడుచుండగా వ్రాయుడు. తరువాత వారికి చదివి వినిపింపుడు.

ఈ మూడవ అభ్యాసమును నాయనమ్మగల బాలుడు నేడే ఆరంభింపవలెను. పిలిచినపుడు తెలుగున పలుకుటకు అంతకన్న మంచి తరగతి లేదు.