రక్తం పలుచనైతే పక్షవాతం రాదా?

మన విద్యార్థులలో కొందరి ఇండ్లలో పెద్దలు ‘రక్తం పలుచబడే మందు’ వాడుతుంటారు. ఉర్దూ మాట్లాడే ఇండ్లలో దీనినే ‘ఖూన్ పత్లా కర్నే కీ దవా’ అంటారు. భాషను బోధించే మాకు ఈ పేరే తప్పుదారి పట్టిస్తున్నదని తోచింది. నీరు కలిపిన పాలవలె రక్తం పలుచబడుతుందని, ఒకసారి పలుచబడితే ఇక పక్షవాతం రాదని పలువురి నమ్మకం. ఈ రెండును సరికావు.

గుండె పైగదులు కర్ణికలని, క్రిందిగదులు జఠరికలని పాఠ్యపుస్తకాలలో చదువుకున్నాం. కర్ణికలు లయబద్ధంగా ముడుచుకొనక, గాలికి రావియాకువలె అదురుతూ ఉండే స్థితిని ‘ఏట్రియల్ ఫిబ్రిలేషన్’ అంటారు. అప్పుడు ఎడమ కర్ణికకు ఆనుకొని ఉన్న చిన్న సంచిలో రక్తం నిలిచి గడ్డకట్టవచ్చు. ఆ గడ్డ కదిలిపోయి మెదడు రక్తనాళంలో చిక్కుకొంటే పక్షవాతం వస్తుంది. ఈ వ్యాధి ఉన్నవారికి ఆ ప్రమాదం సుమారు 5 రెట్లు అధికమని అమెరికాలోని ఫ్రామింగ్‌హామ్ పట్టణంలో దీర్ఘకాలం సాగిన అధ్యయనం తెలిపింది.

దీనికి వాడే మందులలో పాతది వార్ఫరిన్. దాని కథ పశువుల కొట్టంలో మొదలైంది. 1920 దశకంలో ఉత్తర అమెరికాలో బూజుపట్టిన స్వీట్ క్లోవర్ మేత తిన్న పశువులు రక్తస్రావంతో మరణించాయి. విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో కార్ల్ పాల్ లింక్ బృందం అందుకు కారణమైన పదార్థాన్ని కనుగొన్నది. దాని ననుసరించి రూపొందిన వార్ఫరిన్ 1948లో ఎలుకల మందుగాను, 1954లో మనుషుల మందుగాను వాడుకలోకి వచ్చింది. రక్తం గడ్డకట్టడానికి కావలసిన కొన్ని పదార్థాలను కాలేయం విటమిన్ కె సహాయంతో తయారుచేస్తుంది. వార్ఫరిన్ ఆ పనికి అడ్డుపడుతుంది. అనగా రక్తం పలుచబడదు, గడ్డకట్టడం ఆలస్యమవుతుంది. అంతే.

వార్ఫరిన్ వలన పక్షవాతాలు సుమారు మూడింట రెండు వంతులు తగ్గుతాయని పరిశోధనలలో తేలింది. మూడవ వంతు మిగిలియే ఉన్నది. డాబిగాట్రాన్, అపిక్సబాన్ అనే కొత్త మందులను వార్ఫరిన్‌తో పోల్చి 2009, 2011 సంవత్సరాలలో ప్రకటించిన అధ్యయనాలలో సైతం, మందు వాడుతున్నవారిలో ఏటా నూటికి ఒకరి నుండి ఇద్దరి వరకు పక్షవాతానికి గురయ్యారు.

కారణాలు పలువిధాలు. వార్ఫరిన్ వాడేవారికి ‘ఐ.ఎన్.ఆర్.’ అనే రక్తపరీక్ష ఫలితం సాధారణంగా 2కు, 3కు నడుమ ఉండాలి. తగ్గితే గడ్డ కట్టవచ్చు; మరీ పెరిగితే మెదడులో రక్తస్రావం కావచ్చు. అదియును పక్షవాతమే. పాలకూర, తోటకూర ఒక వారం విరివిగా తిని మరుసటి వారం మానివేస్తే ఈ లెక్క తప్పుతుంది. ఆకుకూరలు మానవలసిన పని లేదు. మోతాదు నిలకడగా ఉంటే చాలును. కొత్త మందులకు ఈ పరీక్ష అక్కరలేదు గాని, మానివేసిన ఒకటి రెండు రోజులలోనే వాటి రక్షణ తొలగిపోతుంది. రెండు పూటల మందును ఉపవాస దినాలలో తమంతట తాము ఒక పూటకు కుదించుకొనరాదు. రంజాన్ రాకముందే వైద్యుని సంప్రదించి వేళలు నిర్ణయించుకొనవలెను.

పొరుగువారి మాత్ర చూసి మందు మార్చుకొనడమూ ప్రమాదమే. కీళ్ళవాత జ్వరం వలన గుండె కవాటాలు దెబ్బతిని, ఈ లయదోషం కలిగినవారికి రివరాక్సబాన్ కంటె పాత తరహా మందే మేలు చేసిందని 2022లో ప్రకటించిన ఇన్విక్టస్ అధ్యయనం తెలిపింది. ఇక రక్తపోటు, మధుమేహం, పొగత్రాగుడు, మెడ ధమనుల పూడిక వలన కలిగే పక్షవాతాన్ని ఈ మందొక్కటే ఆపజాలదు.

కనుక మూతి వంకరపోయినా, ఒక చేయి పట్టుతప్పినా, మాట తడబడినా, ‘మందు వాడుతున్నారు గదా’ అని ఊరకుండరాదు. వెంటనే పెద్ద ఆసుపత్రికి చేర్చవలెను. గడ్డను కరిగించే సూదిమందును సాధారణంగా నాలుగున్నర గంటలలోపే ఇస్తారు. అయితే రోగి ఇదివరకే ఈ మందులు వాడుతుంటే ఆ సూదిమందు వలన రక్తస్రావం కలుగవచ్చు. అందువలన మందు పేరు, చివరి మాత్ర వేసుకొన్న వేళ వైద్యునికి చెప్పడం అత్యవసరం. కొందరికి గొట్టం ద్వారా గడ్డను బయటికి లాగే చికిత్సయు కలదు.

మా మట్టుకు మేము దీనిని ‘గడ్డకట్టకుండా కాచే మందు’ అనడమే సబబని తలుస్తున్నాం. కాపలా ప్రతిదినమూ ఉండవలసినదే గదా! విద్యార్థులు నేడే ఇంటికి వెళ్ళి, పెద్దల మందు పేరు, మోతాదు, వేళలు ఒక చీటీపై వ్రాసి వారి జేబులో ఉంచవలెనని మా విన్నపం.