బెట్టింగ్ కంపెనీలో ఉద్యోగమా? జీతం కంటే ముందు లైసెన్స్ అడగండి

"విదేశంలో గేమింగ్ కంపెనీ. చాట్ సపోర్ట్ ఉద్యోగం. డిగ్రీ లేకున్నా ఫర్వాలేదు, తెలుగు, హిందీ బాగా రావాలి. వసతి, భోజనం, టికెట్ కంపెనీదే." ఇలాంటి ప్రకటన మీ వాట్సాప్ గ్రూపులోకి వస్తే జీతం అంకె దగ్గరే ఆగిపోకండి. తెలుగు ఎందుకు అడుగుతున్నారో ఆలోచించండి. తెలుగులో సాయం కోరే కస్టమర్లలో ఎక్కువమంది ఉండేది ఆంధ్రప్రదేశ్‌లో, తెలంగాణలో. ఈ రెండు రాష్ట్రాల్లోనూ డబ్బు పెట్టి ఆన్‌లైన్‌లో పందెం ఆడించడం నేరం. అంటే ఆ కుర్చీలో కూర్చుని మీరు రోజూ చేయబోయే పనే చట్టానికి విరుద్ధం. ఫలానా దీవి లైసెన్స్ ఉందని ప్రకటన కింద రాసినంత మాత్రాన అది మీకు రక్షణ కాదు.

అలాగని ఈ రంగమంతా చీకటి వ్యాపారమేమీ కాదు. లాడ్‌బ్రోక్స్, కోరల్ బ్రాండ్లు నడిపే ఎంటైన్ సంస్థకు హైదరాబాద్‌లోనే పెద్ద కార్యాలయం ఉంది. బ్రిటన్, మాల్టా, అమెరికాలోని లైసెన్స్ పొందిన కంపెనీల్లో సాఫ్ట్‌వేర్, పేమెంట్స్, కస్టమర్ కేర్ ఉద్యోగాలు దొరుకుతాయి. వాటికీ, కేసుల్లోకి లాగే ఉద్యోగాలకూ తేడా తెలియాలంటే లైసెన్స్‌ను చదవడం రావాలి.

కంపెనీ ఎక్కడుందని కాదు, కస్టమర్ ఎక్కడున్నాడని

ఇంటర్వ్యూలో చాలామంది కంపెనీ ఏ దేశానిదని అడిగి సరిపెట్టుకుంటారు. అడగాల్సింది, ఈ సైట్‌లో డబ్బు కాసేవాళ్ళు ఏ దేశంలో ఉన్నారని. ఇప్పుడు చాలా దేశాల్లో చట్టం పట్టించుకునేది దీన్నే.

దీనికి బ్రిటన్ మంచి ఉదాహరణ. అక్కడ 2005 నాటి గ్యాంబ్లింగ్ చట్టం ప్రకారం గ్యాంబ్లింగ్ కమిషన్ ఏర్పడింది. జిబ్రాల్టర్‌లోనో మరో చోటో కార్యాలయం పెట్టుకుని బ్రిటిష్ కస్టమర్లతో వ్యాపారం చేసే కంపెనీలు చాలాకాలం ఈ కమిషన్ లైసెన్స్ లేకుండానే నడిచాయి. 2014లో చట్టం మార్చారు. కంపెనీ ఎక్కడున్నా సరే, బ్రిటన్‌లో ఉన్న మనిషి చేత పందెం కాయించాలంటే ఈ కమిషన్ లైసెన్స్ తీసుకోవాల్సిందే.

పెద్ద కంపెనీ పేరు కూడా దీనికి మినహాయింపు కాదు. టర్కీలో ప్రైవేటు విదేశీ సంస్థల ఆన్‌లైన్ పందేలకు అనుమతి లేదు. ఎంటైన్ గ్రూపు, తాను తర్వాత అమ్మేసిన టర్కీ వ్యాపారంలో లంచాలను అడ్డుకోలేకపోయిందన్న ఆరోపణపై బ్రిటన్‌లో దర్యాప్తు ఎదుర్కొంది. చివరికి 2023 డిసెంబరులో 58.5 కోట్ల పౌండ్లు కట్టే ఒప్పందానికి వచ్చింది. ఒక దేశంలో సక్రమంగా నడిచే సంస్థ కూడా మరో దేశంలో ఇబ్బందుల్లో పడవచ్చు. అందుకే కంపెనీ పేరు చూసి ఊరుకోకుండా, మిమ్మల్ని ఏ మార్కెట్ పనిలో పెడుతున్నారో తెలుసుకోండి.

దేశానికో పద్ధతి

మాల్టాలో మాల్టా గేమింగ్ అథారిటీ లైసెన్స్ ఇస్తుంది. ఆటగాళ్ళతో నేరుగా వ్యాపారం చేసే కంపెనీలకు ఒక రకం, వాటికి సాఫ్ట్‌వేర్ సరఫరా చేసే కంపెనీలకు మరో రకం ఉంటాయి. యూరప్‌లో పేరున్న లైసెన్సే అయినా అది యూరప్ మొత్తానికీ చెల్లదు. ఉదాహరణకు జర్మనీలో 2021 జులై నుంచి జూదంపై అక్కడి రాష్ట్రాల మధ్య కుదిరిన కొత్త ఒప్పందం అమల్లో ఉంది. హాలే నగరంలోని నియంత్రణ సంస్థ అనుమతి తీసుకోవాలి, ఒక ఆటగాడు నెలకు జమచేసే మొత్తానికి మామూలుగా 1,000 యూరోల పరిమితి పాటించాలి.

కురాసావో పేరు మన దగ్గర తిరిగే యాప్‌ల అడుగున ఎక్కువగా కనిపిస్తుంది. కరీబియన్ సముద్రంలోని ఈ దీవిలో ఏళ్ళ తరబడి కొద్దిమంది మాస్టర్ లైసెన్స్‌దారులు తమ కింద ఎన్నో సబ్ లైసెన్సులు పంచేవారు. ఎవరి పని ఎవరు చూస్తున్నారో తెలిసేది కాదు. 2024 డిసెంబరు 24న అక్కడ కొత్త చట్టం వచ్చింది, అప్పటి నుంచి ప్రతి కంపెనీ నేరుగా ప్రభుత్వ నియంత్రణ సంస్థ నుంచే లైసెన్స్ పొందాలి. అయినా సరే, కురాసావో కాగితం హైదరాబాద్‌లోని కస్టమర్‌తో పందెం కాయించే హక్కు ఇవ్వదు.

అమెరికాలో 2018 మే 14న సుప్రీంకోర్టు తీర్పుతో క్రీడా పందేలపై నిర్ణయం రాష్ట్రాల చేతికి వచ్చింది. న్యూజెర్సీ లైసెన్స్ న్యూయార్క్‌లో పనికిరాదు. మనవాళ్ళు ఎక్కువగా ఉన్న టెక్సాస్, కాలిఫోర్నియాలు క్రీడా పందేలను ఇంకా చట్టబద్ధం చేయలేదు. కొన్ని రాష్ట్రాలు కీలక ఉద్యోగుల వేలిముద్రలు తీసుకుని, గత చరిత్ర తనిఖీ చేశాకే అనుమతిస్తాయి.

ఆస్ట్రేలియాలో మ్యాచ్ సాగుతుండగా ఆన్‌లైన్‌లో పందెం తీసుకోకూడదు. సింగపూర్‌లో ఆన్‌లైన్ క్రీడా పందేలకు సింగపూర్ పూల్స్ ఒక్కదానికే అనుమతి. యూఏఈ 2023లో గేమింగ్‌కు జాతీయ నియంత్రణ సంస్థను ఏర్పాటు చేసింది, దాని లైసెన్స్ లేకుండా నడపడం నేరం. కాబట్టి "దుబాయ్ ఆఫీసు" అనగానే సక్రమమని అనుకోవద్దు. ఫిలిప్పీన్స్ సంగతి ఇంకా గుర్తుంచుకోదగినది. విదేశీ కస్టమర్ల కోసం నడిచే ఆన్‌లైన్ గేమింగ్ కంపెనీలకు ఒకప్పుడు లైసెన్స్ ఇచ్చిన ఆ ప్రభుత్వమే 2024 జులైలో వాటిని నిషేధించింది, ఆ ఏడాది చివరికల్లా మూసేయమంది. లైసెన్స్ మీద ఆధారపడిన ఉద్యోగం ఆ లైసెన్స్‌తోనే పోతుంది.

మన దేశంలో చట్టం ఏమంటోంది

తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో తమ గేమింగ్ చట్టాలను సవరించి డబ్బుతో ఆడే ఆన్‌లైన్ ఆటలను నిషేధించాయి. 2025 ఆగస్టులో పార్లమెంటు ఆన్‌లైన్ గేమింగ్ చట్టం చేసింది. ఆట నైపుణ్యానిదా అదృష్టానిదా అన్న వాదనకు ఇందులో తావులేదు. డబ్బు పెట్టి డబ్బు గెలవాలనే ఆన్‌లైన్ ఆట ఏదైనా నిషిద్ధమే. ఇలాంటి సేవ అందిస్తే 3 ఏళ్ళ వరకు జైలు, కోటి రూపాయల వరకు జరిమానా ఉంటాయి. ప్రచారం చేస్తే 2 ఏళ్ళ వరకు జైలు, 50 లక్షల వరకు జరిమానా. డబ్బు లావాదేవీలు నడిపినా 3 ఏళ్ళ వరకు జైలు. విదేశం నుంచి నడుపుతూ ఇక్కడి వారికి అందించే సేవలకూ ఈ చట్టం వర్తిస్తుంది.

ఆడేవారిని ఈ చట్టం శిక్షించదు, దాని గురి ఆడించేవారి మీద. ఉద్యోగం కోసం వెళ్ళేవారు గమనించాల్సింది ఇదే. పందెం లింకులు పంచడం, పందేల ప్యానెల్ నడపడం, ఆటగాళ్ళకు ఐడీలు ఇవ్వడం, వాళ్ళ ఖాతాల్లో డబ్బు వేయడం తీయడం, ఇవన్నీ ఆడించే పనులే.

ఆఫర్ చేతికి వచ్చాక అడగవలసినవి

- లైసెన్స్ ఏ సంస్థ ఇచ్చింది, నంబర్ ఎంత, ఏ పేరు మీద ఉంది? కంపెనీ పంపిన పీడీఎఫ్ చూసి నమ్మకండి. నియంత్రణ సంస్థ వెబ్‌సైట్‌లో మీరే వెతకండి. బ్రిటన్ కమిషన్ రిజిస్టర్‌లో కంపెనీ పేరు, వెబ్‌సైట్ చిరునామాలు, తీసుకున్న చర్యలు కూడా ఉంటాయి. మాల్టాకూ బహిరంగ రిజిస్టర్ ఉంది.
- ఆఫర్ లెటర్ ఇచ్చే కంపెనీ, లైసెన్స్ ఉన్న కంపెనీ ఒకటేనా? వేరైతే వాటి మధ్య సంబంధం ఏమిటి?
- నేను పనిచేసే ఉత్పత్తి ఏ దేశాల కస్టమర్లకు? ఇది మెయిల్‌లో రాసి ఇవ్వమనండి.
- జీతం ఎలా ఇస్తారు? బ్యాంకు ఖాతాకు, పేస్లిప్‌తో, పీఎఫ్‌తో అయితే సరే. నగదు, క్రిప్టో, వేరే వ్యక్తి ఖాతా నుంచి యూపీఐ అంటే వద్దనండి.
- మీ పేరుతో బ్యాంకు ఖాతాగానీ సిమ్ కార్డుగానీ అడిగారా? అక్కడికక్కడే లేచి వచ్చేయండి. కమీషన్‌కు ఆశపడి ఖాతా అద్దెకిస్తే, డబ్బు తిన్నవాడు కనిపించడు, పోలీసులు మీ గుమ్మం తొక్కుతారు.

దేశం దాటాలంటే

2024 మేలో విశాఖపట్నం పోలీసులు వెలికితీసిన కేసు గుర్తుందా? డేటా ఎంట్రీ ఉద్యోగాలని చెప్పి యువకులను కంబోడియా పంపి, అక్కడ సైబర్ మోసాలు చేయించారు. అక్కడ గేమింగ్ ఉద్యోగమని పిలిచినా నమ్మకండి, కంబోడియా 2019లోనే ఆన్‌లైన్ జూదంపై నిషేధం ప్రకటించింది. 2025 మార్చిలో మయన్మార్‌లోని ఇలాంటి సైబర్ మోసాల స్థావరాల నుంచి 500 మందికి పైగా భారతీయులను మన ప్రభుత్వం వైమానిక దళ విమానాల్లో వెనక్కి తెచ్చింది. వాళ్ళూ మనలాగే ఇంటికి నాలుగు రూపాయలు పంపుదామని వెళ్ళినవారే.

అందుకే విజిట్ వీసా మీద ఉద్యోగానికి వెళ్ళకండి. ఏజెంటుకు రిజిస్ట్రేషన్ ఉందో లేదో విదేశాంగ శాఖ ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో చూడండి. రిజిస్టర్డ్ ఏజెంటు మీ దగ్గర తీసుకోగల సేవా రుసుం 30,000 రూపాయలు, ఆపైన జీఎస్టీ, అంతే. తెలంగాణవారు విదేశీ ఉద్యోగాల ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్‌ను, ఆంధ్రావారు ప్రవాసాంధ్రుల కోసం ఉన్న ఏపీఎన్‌ఆర్‌టీ సొసైటీని ముందుగా సంప్రదించండి. పాస్‌పోర్టు ఎవరి చేతికీ ఇవ్వకండి. ఇబ్బందిలో పడితే భారత రాయబార కార్యాలయానికీ, విదేశాంగ శాఖ ఫిర్యాదుల వేదిక మదద్ పోర్టల్‌కూ ఫిర్యాదు చేయండి.

ఇప్పటికే అందులో ఉంటే

సక్రమమైన కంపెనీలో ఉంటే కంప్లయన్స్ వైపు నడవండి. కస్టమర్ గుర్తింపు తనిఖీ, అక్రమ డబ్బును పసిగట్టడం, ఆటకు బానిసవుతున్న మనిషిని గుర్తించి ఆపడం, ఇవన్నీ లైసెన్స్ నిలబెట్టే పనులు. 2023లో విలియం హిల్ గ్రూపు ఇలాంటి లోపాలకే బ్రిటన్‌లో 1.92 కోట్ల పౌండ్లు కట్టింది. కాబట్టి ఈ పని తెలిసినవారికి విలువ ఉంది. ఈ నైపుణ్యం రేపు బ్యాంకులోనూ, పేమెంట్ కంపెనీలోనూ పనికొస్తుంది.

అక్రమమని తెలిసిపోయిందా? వచ్చే నెల జీతం కోసం ఆగకండి. ఆఫర్ లెటర్, జీతం వివరాలు, మీకు వచ్చిన ఆదేశాల కాపీలు దాచుకోండి. దేన్నీ చెరిపేయకండి. మీ ఖాతా వాడి ఉంటే వెంటనే బ్యాంకుకు రాసివ్వండి, లాయర్‌ను కలవండి. ఫీజు కట్టే స్తోమత లేకపోతే జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో ఉచిత సాయం అడగవచ్చు.

ఈ ప్రశ్నలు అడిగితే ఉద్యోగం పోతుందేమోనని భయపడే పిల్లలకు ఒక్కటే చెప్తాను. లైసెన్స్ ఉన్న కంపెనీకి ఇవి కొత్త కాదు, రోజూ నియంత్రణ సంస్థకు జవాబు చెప్పేవాళ్ళు మీకూ చెప్తారు. జవాబు రాసివ్వడానికి వెనకాడితే ఆ ఆఫర్ వదులుకోండి.