నమూనా నౌక

పెట్టె తెరచిన వెంటనే అందులో ఓడ కనిపించదు. యంత్రంతో కోసిన పలుచని ప్లైవుడ్ పలకలు, సన్నని కర్రబద్దల కట్టలు, నూలుదారపు ఉండలు, పెసరగింజంత ఇత్తడి సామాను, మడతలు పెట్టిన ఒక పెద్ద పటం, ఒక సూచనల పుస్తకం మాత్రమే కనిపిస్తాయి. ఇంగ్లీషువారి విక్టరీ, కట్టీ సార్క్ వంటి ప్రసిద్ధ నౌకలను ఈ విధంగా ముక్కలు చేసి 'కిట్' అనే పేరుతో విక్రయించే సంస్థలు ఐరోపా, అమెరికా దేశాలలో అనేకం ఉన్నాయి. ఆ ముక్కలను కూర్చి ఓడగా నిలబెట్టటానికి తీరికవేళల్లో పనిచేసేవారికి నెలలు, ఒక్కొక్కప్పుడు సంవత్సరాలు పడుతుంది.

ఇది పిల్లల ఆటగా పుట్టిన విద్య కాదు. 17వ శతాబ్దిలో ఇంగ్లండులో యుద్ధనౌకలకు తగిన ప్రమాణంలో చిన్న నమూనాలు చేసేవారు. ఆ యుద్ధనౌకలు కాలగర్భంలో కలిసిపోయాయి. నమూనాలు మాత్రం గ్రీనిచ్‌లోని జాతీయ నౌకా ప్రదర్శనశాలలో నేటికీ పెక్కు నిలిచి ఉన్నాయి. అసలు ఓడ నశించిన పిమ్మట దాని ఆకృతికి సాక్ష్యం చెప్పేది నమూనాయే. ఈ విషయాన్ని విద్యార్థులు గుర్తుంచుకోవాలి. మన ప్రాంతానికి ఈ ప్రసంగంతో గల సంబంధం ఇక్కడే ఉంది.

ముందుగా ప్రమాణాన్ని గూర్చి తెలుసుకుందాం. 1:48 అంటే నమూనాలోని ఒక సెంటీమీటరు అసలు ఓడలోని 48 సెంటీమీటర్లకు సమానమని అర్థం. 30 మీటర్ల ఓడ 62.5 సెంటీమీటర్లకు ఒదుగుతుంది. దాని మీద నిలిచిన నావికుడు మూడున్నర సెంటీమీటర్ల మనిషి. పది సెంటీమీటర్ల మందం గల మోకు రెండు మిల్లీమీటర్ల దారమవుతుంది. పొడవు 48వ వంతుకు తగ్గితే ఘనపరిమాణం 1,10,592వ వంతుకు తగ్గుతుంది. అందువల్ల కంటికి అదే ఓడ అనిపించినా గాలికి, నీటికి అది అదే ఓడగా ప్రవర్తించదు.

ఇక నిర్మాణం. ఓడకు వెన్నెముక వంటిది అడుగుదూలం. దానికి అడ్డంగా, కొలత ప్రకారం చేసిన గాళ్ళలో, పక్కటెముకల వంటి నిలువు పలకలను అమర్చాలి. మొదటిసారి జిగురు లేకుండానే అన్నింటినీ అమర్చి, మూలమట్టంతో పరీక్షించి, ఆ తరువాతనే అంటించాలి. అడుగుదూలం వెంట్రుకవాసి వంగినా ఆ వంకర చివరి స్తంభం దాకా కనిపిస్తుంది. తరువాత పలకల అంచులను ఆకురాయితో వాలుగా అరగదీయాలి. ఒక సన్నని బద్దను ముందు కొస నుండి వెనుక కొస దాకా ఆనించి చూస్తే, అది ప్రతి పలకనూ తాకుతూ ఎక్కడా ఎత్తుపల్లాలు లేకుండా సాగాలి. తొందరపడేవారు సాధారణంగా విడిచిపెట్టే పని ఇదే. పైన ఎంత రంగు పూసినా ఈ లోపం దాగదు.

పక్కటెముకల మీద బద్దలను తొడగటం ఈ విద్యలో ప్రాణప్రదమైన ఘట్టం. ఓడ నడుము వెడల్పు, కొసలు ఇరుకు. నడుము దగ్గర పది బద్దలు పట్టే చోట ముందు కొస దగ్గర ఆరేడింటికే చోటు ఉండవచ్చు. కాబట్టి ప్రతి బద్దను కొస వైపు క్రమంగా సన్నం చేయాలి. ఎంత సన్నం చేయాలో లెక్కకట్టి పెన్సిలుతో గీసుకోవాలి. బద్దను నీటిలో నానబెట్టి, వెచ్చజేసి, మెల్లగా వంచాలి. కుడివైపు ఒకటి వేసిన వెంటనే ఎడమవైపు ఒకటి వేయాలి. ఒకే పక్క వరుసగా వేసుకుంటూ పోతే తేమ, జిగురు, వంపుల బిగువు కలిసి అడుగుదూలాన్ని తమ వైపు లాగుతాయి.

తాళ్ళ విషయంలోనూ ఒక నియమముంది. స్తంభాలను కదలకుండా పట్టి ఉంచే తాళ్ళు వేరు, తెరచాపలను ఎత్తి దించి తిప్పే తాళ్ళు వేరు. మొదటి రకానికి అసలు ఓడలో తారు పట్టించేవారు గనుక నమూనాలో నల్లదారం, రెండవదానికి లేత గోధుమవన్నె దారం వాడతారు. దారానికి తేనెమైనం పూస్తే నూగు అణగి నున్నగా ఉంటుంది.

నందిగామ నుండి విజయవాడ వెళ్ళే దారిలో, రహదారికి కొంచెం ఎడంగా ఉన్న కొండపల్లి వారికి ఈ పద్ధతి కొత్త కాదు. అక్కడి శిల్పులు తెల్లపొణికి కర్రను ఎండబెట్టి, సన్నని సెగమీద తేమ పోగొట్టి, బొమ్మ అవయవాలను విడివిడిగా చెక్కుతారు. వాటిని చింతగింజల పిండి, రంపపుపొట్టు కలిపిన మక్కుతో అతికి, సున్నం పూసి, రంగులు దిద్దుతారు. ఎడ్లబండి, అంబారీ ఏనుగు, తాటిచెట్టెక్కే గీతకాడు ఈ విధంగా రూపొందినవే. అయితే కొండపల్లి శిల్పికి సూచనల పుస్తకం లేదు. కొలత అతని చేతిలోనే ఉంది. కిట్ మనకు ఓపికను, శుభ్రతను నేర్పగలదు. నిర్ణయం చేయటం మాత్రం నేర్పదు. ఆ నిర్ణయాలన్నీ ఎవరో ముందే చేసి పెట్టెలో పెట్టారు.

మరి మన ఓడను నిర్మింపదలచితే ఆధారమేది? క్రీ.శ. రెండవ శతాబ్దిలో యజ్ఞశ్రీ శాతకర్ణి ముద్రించిన సీసపు నాణేల మీద రెండు స్తంభాల ఓడ ఉంది. ముందు వెనుక కొసలు పైకి లేచి ఉన్నాయి. స్తంభాల నుండి దిగిన తాళ్ళు గీతలుగా కనిపిస్తాయి. ఆ ఓడకు రెండు స్తంభాలున్నాయని నాణెం చెప్పగలదు. పలకలను మేకులతో బిగించారా, తాళ్ళతో కుట్టారా అన్న ప్రశ్నకు అది సమాధానం చెప్పదు. అడుగు ఎంత లోతో, పక్కటెముకలు ఎన్నో దానివల్ల తెలియవు. క్రీ.శ. మొదటి శతాబ్దికి చెందిన 'పెరిప్లస్' అనే గ్రీకు గ్రంథం మసాలియా దేశాన్ని, అక్కడి సన్నని వస్త్రాలను పేర్కొన్నది. తూర్పు తీరంలో దుంగలను జతచేసి కట్టిన 'సంగర' అనే పెద్ద నావలను కూడ ప్రస్తావించింది. అందులోనూ కొలతలు లేవు.

సాహిత్యం కొంత తోడ్పడుతుంది. శ్రీనాథుడు హరవిలాసాన్ని అవచి తిప్పయసెట్టికి అంకితమిచ్చాడు. ఆ వర్తకుని సముద్రవ్యాపారాన్ని వర్ణించే సందర్భంలో కప్పలి, జోంగు వంటి ఓడల పేర్లు వచ్చాయి. కప్పలి తమిళుల 'కప్పల్' అని, జోంగు తూర్పు దీవుల పెద్ద ఓడ అని భాషావేత్తలు పోల్చుకోగలరు. కాని శ్రీనాథుని కాలంలో తెలుగు రేవుకు వచ్చిన ఆ ఓడ అమరిక ఎట్టిదో పద్యాన్ని బట్టి గీయలేము. నిఘంటువులో అర్థం 'ఓడవిశేషము' అని ఉంటే చదువరి తృప్తిపడవచ్చు. వడ్రంగి తృప్తిపడడు.

చేతులలో నిలిచిన విద్య కొంత మనకు దగ్గరి కాలం దాకా వచ్చింది. కోరమండల్ తీరంలోని మసూలా పడవకు పక్కటెముకలు లేవు. పలకలను కొబ్బరిపీచు తాడుతో కుట్టేవారు. ఒడ్డున విరిగే కెరటం కొట్టినపుడు మేకుల పడవ పగిలే చోట ఇది వంగి తట్టుకునేది. 1669-79 మధ్య బంగాళాఖాతపు తీరాలను వర్ణించిన థామస్ బౌరీ ఈ పడవ బొమ్మను గీశాడు. నరసాపురం ప్రాంతంలో జరిగే ఓడల నిర్మాణాన్నీ వర్ణించాడు. గోదావరి ముఖాన కోరంగి పెద్ద ఓడలు కట్టిన రేవు. 1789లోను, 1839లోను వచ్చిన ఉప్పెనలు దానిని ముంచెత్తాయి. ఆ తరువాత కూడ తాళ్ళరేవు పరిసరాలలో కొయ్య ఓడలు తయారవుతూ వచ్చాయి. వాటిని కట్టిన మేస్త్రీల పేర్లు మనం నేడు చెప్పుకోలేకపోతున్నాం. జగ్గయ్యపేట స్తూపం దీనికి భిన్నం. క్రీ.శ. మూడవ శతాబ్దిలో ఇక్ష్వాకు రాజు వీరపురుషదత్తుని 20వ పాలనా సంవత్సరంలో అక్కడ ఆయకస్తంభాలను నెలకొల్పిన సిద్ధార్థుడు, తాను 'ఆవేసని' అని, అనగా శిల్పినని, తన తండ్రి కూడ ఆవేసనియేనని రాతిమీద చెక్కించుకున్నాడు. రాతిపనివాని పేరు పదిహేడు శతాబ్దాలు నిలిచింది. కొయ్యపనివాని పేరుతో పాటు అతని పనికూడ పోయింది.

కాబట్టి నమూనా చేయదలచిన విద్యార్థి శాతవాహనుల ఓడతో ప్రారంభించటం కంటె, కంటి ఎదుట ఉన్నదానితో ప్రారంభించటం మేలు. వేదాద్రి, ముక్త్యాల రేవులలో కృష్ణ మీద తిరిగే పడవ నాణెం మీది ఓడవలె గొప్పది కాదు. కాని అది కొలతకు లొంగుతుంది. వంతెనలు వచ్చిన చోట రేవు సద్దుమణగటం, ఫైబరు వచ్చిన చోట కొయ్య తొలగిపోవటం మనం చూస్తున్నదే. యజమాని అనుమతి తీసుకొని, ఒడ్డుకు చేర్చిన పడవ పైన ఈ కొస నుండి ఆ కొసకు దారం బిగించాలి. దారం పొడవునా అడుగుకొక గుర్తు పెట్టాలి. ప్రతి గుర్తు వద్ద దారం నుండి అంచుకు గల దూరాన్ని, అడుగుకు గల లోతును కొలిచి వ్రాయాలి. పలక మందం, అతుకు ఉన్న చోటు, మేకుకు మేకుకు మధ్య ఎడం, ఏ కర్ర వాడారో వేరుగా గుర్తించాలి. జాలరుల పుట్టి అయితే వెదురుబద్దల వరుసలను లెక్కించాలి. పూర్వం దానికి తోలు కప్పేవారు, తరువాత తారు పూసిన పట్టా వచ్చింది. కనుక ఇప్పుడున్నది ఏదో, దానిని ఎప్పుడు మార్చారో అడిగి తెలుసుకోవాలి. ప్రతి భాగాన్నీ పడవవాడు ఏ పేరుతో పిలుస్తాడో ఆ పేరునే, అతని ఉచ్చారణలోనే, కొలత పక్కన వ్రాసుకోవాలి. ఆ పైన ప్రమాణాన్ని నిర్ణయించుకొని, కొండపల్లి నుండి తెల్లపొణికి కర్ర తెచ్చుకోవచ్చు.