చివరి కచేరీలు రికార్డు చేసేముందు

కరీంనగర్

చిరంజీవి అల్లునికి,

ఈ ఏడాదితో మీ బ్యాండ్‌ను ఆపేస్తున్నారనీ, ఆపేముందు కరీంనగర్, మంచిర్యాల, ఆదిలాబాద్‌లలో చేయబోయే కచేరీలను రికార్డు చేసి ఆల్బమ్‌గా తెస్తారనీ అక్క చెప్పింది. వినమని నువ్వు పంపిన ‘స్వాన్స్ ఆర్ డెడ్’ ఆల్బమ్ మొత్తం విన్నాను. ఎట్లా చేస్తే బాగుంటుందో చెప్పమన్నావు కాబట్టి నాకు తోచింది రాస్తున్నాను.

స్వాన్స్ 1982లో న్యూయార్క్‌లో మైకేల్ గిరా మొదలుపెట్టిన బృందం. ఒకే దరువును పట్టుకొని, చెవులు దిమ్మెక్కేంత శబ్దంతో, పావుగంటకు పైగా ఒకే పాటను లాక్కుపోగలరు. 1997 కచేరీల యాత్రతో బృందాన్ని ముగించారు. 1995, 1997 యాత్రల రికార్డింగులను 1998లో ‘స్వాన్స్ ఆర్ డెడ్’ పేరుతో రెండు డిస్కులుగా తెచ్చారు. పేరు వింటే పాత పాటలకు సంవత్సరీకం పెట్టినట్టుంది గానీ, లోపల ఉన్నది అది కాదు. మొదటి పాట ‘ఫీల్ హ్యాపీనెస్’ వాళ్ల స్టూడియో ఆల్బమ్‌లు వేటిలోనూ లేదు. 1984లో గిరా పాడిన ‘ఐ క్రాల్డ్’ను ఇందులో బృందంలోని జార్బో పాడింది. గొంతు మారేసరికి ఆ పాట భయం కూడా మారిపోయింది. విడిపోయే వేళ కూడా వాళ్లు పాటల్ని ముందుకే నడిపారు. నువ్వు పట్టుకోవాల్సింది ఆ సంగతి.

తెలిసిన పాట ఇట్లా మారుతూ నడవడం ఒగ్గుకథ విన్నవాళ్లకు కొత్త కాదు. వేములవాడ దగ్గరి హన్మాజీపేట మిద్దె రాములు కథ చెప్తే జనం తెల్లార్లూ కూర్చునేవారు. మల్లన్న కథ, ఎల్లమ్మ కథ వాళ్లకు తెలియనివా? ఆ రాత్రి కథ ఎట్లా నడుస్తుందోనని కూర్చునేవారు. వంతపాట అందుకునే తీరు, డోలు దెబ్బ, ఎదుట కూర్చున్నవాళ్ల నవ్వు, ఏడుపు, అన్నీ కలిసి కథను ఒకచోట సాగదీస్తాయి, ఇంకోచోట కుదిస్తాయి. దాన్నే క్యాసెట్ కోసం గంటలో ముగించమంటే కథ మిగులుతుంది గానీ ఆ రాత్రి మిగలదు. మీరు పాటల్లో డోలు పెట్టుకున్నారంటే ఈ గుణం కూడా తెచ్చుకోవాలి. మొదట్లో స్టూడియోలో చేసినట్టే మళ్లీ చేస్తే ఈ ఆల్బమ్‌తో పనిలేదు. పాట ఇన్నేళ్లలో ఎంత పెరిగితే అంత వాయించండి. నాలుగు నిమిషాల పాట పన్నెండు నిమిషాలైతే కానీయండి. ఇంకా పూర్తిగా కుదరని కొత్త పాట ఉంటే దాన్నీ పాడండి.

ఇక రికార్డింగ్ సంగతి. మిక్సర్ నుంచి వచ్చే లైన్ ఒక్కదాన్నే నమ్మొద్దు. చిన్న హాల్లో డోలు, డ్రమ్స్ చప్పుడు స్టేజీ మీది నుంచే జనానికి చేరుతుంది కాబట్టి మిక్సర్‌లో వాటిని తగ్గించి పెడతారు. ఆ లైన్ మాత్రమే వింటే గొంతు మీదికొచ్చి, డోలు పక్క వాడలో మోగినట్టుంటుంది. అందుకని జనం మధ్య కూడా రెండు మైకులు పెట్టించు. ధ్వని సెకనుకు సుమారు 340 మీటర్లు పోతుంది. స్టేజీకి 17 మీటర్ల దూరంలో ఉన్న మైకుకు అది సెకనులో ఇరవయ్యో వంతు ఆలస్యంగా అందుతుంది. కలిపేటప్పుడు ఆ తేడా సరిచేయకపోతే ప్రతి దెబ్బా రెండుసార్లు పడ్డట్టు వినిపిస్తుంది. 24 బిట్‌లో రికార్డు చేయి. పెద్ద దెబ్బలు కూడా మైనస్ 12 డెసిబెల్స్ దగ్గరే ఉండేట్టు లెవెల్ పెట్టుకో. హద్దు దాటి పగిలిన శబ్దాన్ని తర్వాత బాగుచేయడం కష్టం. ఇంటికి చేరిన రాత్రే మూడు కాపీలు తీసి, ఒకటి వేరే ఊర్లో ఉంచు.

అన్నిటికన్నా ముఖ్యం నిజాయితీ. ‘ద బ్యాండ్’ అనే బృందం 1976 నవంబర్ 25న శాన్‌ఫ్రాన్సిస్కోలో వీడ్కోలు కచేరీ చేసింది. 1978లో ‘ద లాస్ట్ వాల్ట్జ్’ పేరుతో సినిమా, ఆల్బమ్ వచ్చేలోపు చాలా భాగాలను స్టూడియోలో మళ్లీ చేసి కలిపారు. సినిమా గొప్పదే. మీరు మాత్రం ఆ దారి పట్టొద్దు. శ్రుతి కాస్త తప్పిన చోటును తప్పినట్టే ఉంచండి. పాటకూ పాటకూ మధ్య తీగలు సరిచేసుకునే చప్పుడు, జనం కేకలు కోసేయొద్దు. ఆదిలాబాద్ రాత్రి సగం, కరీంనగర్ రాత్రి సగం అతికిస్తే ఆ మాట అట్ట మీద రాయండి. ఏ పాట ఏ ఊరిది, ఏ తేదీది, ఎవరేం వాయించారన్నది తప్పకుండా ఉండాలి.

డోలు వాయించడానికి వచ్చే పెద్దమనిషి పేరు కూడా మీ పేర్ల పక్కనే, అదే సైజులో వేయించు. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం కళాకారుడికి తన ప్రదర్శన మీద హక్కు 50 ఏళ్లు ఉంటుంది. ఆల్బమ్ మీద వచ్చే డబ్బులో ఎవరి వాటా ఎంతో కచేరీకి ముందే కాగితం మీద రాసుకోండి. విడిపోయాక రాసుకోవడం కష్టం, సోపతి కూడా చెడుతుంది.

చివరగా వీడ్కోలు గురించి. స్వాన్స్ ముగిసిందన్న గిరాయే 2010లో ఆ పేరుతోనే మళ్లీ మొదలుపెట్టాడు, ఈసారి జార్బో లేకుండా. రేపు మీరూ కలవొచ్చు. కాబట్టి టికెట్ల కోసం కన్నీళ్లను అమ్ముకోవద్దు. అయితే ఒకటి మాత్రం మరువకు. గోండుల గుస్సాడీ ఆటకు 2021లో పద్మశ్రీ అందుకున్న మార్లవాయి కనకరాజు 2024 అక్టోబర్‌లో, దీపావళి ఇంకా రాకముందే పోయారు. గోండు గూడేల్లో దండారి పండుగ రోజులవి. మన దగ్గర పెద్ద కళాకారుల్లో ఎక్కువమందికి ఇది ఆఖరి ఆట అని ముందుగా తెలిసే అవకాశమే ఉండదు. మీకు తెలిసింది. అది అదృష్టం, బాధ్యత కూడా.

అందుకే చెప్తున్నా అల్లుడా, బాగున్నామని చూపించుకోవడానికి రికార్డు చేయొద్దు. ఆ రాత్రి ఎట్లున్నారో అట్లా వినిపించండి. ఆదిలాబాద్‌కు పోయినప్పుడు మీ రికార్డర్‌ను సంచిలోనే ఉంచకు. అక్కడి పెద్ద కళాకారులను అడిగి, వాళ్లు సరేనంటే వాళ్ల పాట కూడా రికార్డు చేసి, ఒక కాపీ వాళ్ల చేతికే ఇచ్చిరా.

ఆశీస్సులతో,
మీ మామ