పసిబిడ్డతో విమాన ప్రయాణము: తల్లి ఒడి చాలునా?

మా చిలకలూరిపేటలో బిడ్డలు అమెరికాలో ఉన్న ఇండ్లు ఇప్పుడు వీధికి రెండు మూడైనా కనిపించును. సంక్రాంతికి వచ్చి తిరిగి వెళ్ళు తల్లులు నా వైద్యశాలలో తరచుగా అడుగునది ఒక్కటే: "పిల్లవాడు విమానంలో ఏడవకుండా నిద్రపోయే మందేదైనా ఇవ్వండి." మా అమ్మాయి కూడా ఎనిమిది నెలల మనుమనితో డాలస్‌కు ప్రయాణమగుచు అదే అడిగినది. మా వియ్యపురాలు అప్పటికే జాజికాయను, సానరాయిని సిద్ధము చేసినారు.

వద్దంటిని. చనుబాలలో జాజికాయ అరగదీసి నాకించుట మన ఇండ్లలో పాత అలవాటే. ఒకప్పుడు నేనును కాదనలేదు. కాని మోతాదు మించిన జాజికాయ విషతుల్యము, ఎంత అరిగినదో సానరాయి చెప్పదు. విమానములో గాలి పలుచన. అచట మత్తుగా పడియున్న బిడ్డ శ్వాస మందగించినను నిద్రయే అనుకొందురు. నిద్ర పట్టించు సిరప్పులకును ఇదే మాట. ఏడాది నిండని బిడ్డకు తేనెయు నాకించరాదు.

బిడ్డ ఏడ్పునకు ముఖ్యకారణము చెవి. తిరుమల కొండ ఎక్కునప్పుడు పెద్దలకే చెవులు దిబ్బళ్ళు పడును. ఆ కొండ ఎత్తు సుమారు 2,800 అడుగులు. విమానము లోపలి గాలి ఒత్తిడి 6,000 నుండి 8,000 అడుగుల ఎత్తున ఉండు గాలికి సమానము. గొంతును, మధ్యచెవిని కలుపు నాళము పసివారిలో మిక్కిలి ఇరుకు. మ్రింగినప్పుడు అది తెరచుకొని ఒత్తిడి సర్దుకొనును. కనుక విమానము ఎక్కునప్పుడును, దిగునప్పుడును పాలు త్రాగించవలెను, లేదా పాలపీక నోట ఉంచవలెను. దిగుట అరగంట ముందే మొదలగును గనుక నిద్రించు బిడ్డను అప్పుడే లేపవలెను. చెవిలో నూనె చుక్కలు ఇందుకు పనికిరావు. ఆ నాళము కర్ణభేరికి లోపలివైపున ఉన్నది. జలుబుతో ముక్కు మూసుకొన్న బిడ్డను ముందుగా వైద్యునికి చూపవలెను.

ఇంతకన్న పెద్ద మాట వేరొకటి ఉన్నది. "రెండేళ్ళలోపు వాడికి సీటు అక్కర్లేదు నాన్నగారూ, ఒళ్ళో పెట్టుకుంటా" అన్నది అమ్మాయి. నియమము అంగీకరించును, భౌతికశాస్త్రము అంగీకరించదు. ఎనిమిది కిలోల బిడ్డ నాలుగు రెట్ల కుదుపులో ముప్పై రెండు కిలోల బరువగును. ఏ తల్లి చేయి ఆపగలదు?

1989 జూలై 19న అమెరికాలోని సూ సిటీలో యునైటెడ్ 232 విమానము కూలినప్పుడు నలుగురు పసివారు ఒడి ప్రయాణికులుగా ఉండిరి. నాటి పద్ధతి ప్రకారము, బిడ్డలను కాళ్ళ వద్ద నేలపై ఉంచుడని విమాన సిబ్బందికి పెద్దయైన జాన్ బ్రౌన్ తల్లిదండ్రులకు చెప్పినది. ఆ నలుగురిలో ఒకరు మరణించిరి. నాటి నుండి ఆమె పసివారికి ప్రత్యేకాసనము కావలెనని పోరాడినది. ఒడి ప్రయాణము నేటికిని నిషిద్ధము కాలేదు.

కాబట్టి స్తోమత ఉన్నవారు బిడ్డకు వేరుగా టికెట్టు కొని, విమానమునకు అనుమతి గల కారు సీటును కిటికీ పక్కన బిగించవలెను. ఆ సీటు తమ విమానములో పట్టునో లేదో టికెట్టు కొనక ముందే అడుగుట మంచిది. అంత ఖర్చు భరించలేనివారు సిబ్బంది ఇచ్చు చిన్న బెల్టును తమ బెల్టుకు తగిలించి బిడ్డకు కట్టవలెను. అది కొంత ఆసరా మాత్రమే. కొన్ని సంస్థలు దానిని ఇవ్వవు. తన బెల్టులోనే బిడ్డను ఇరికించుట ఎన్నటికిని కూడదు. కుదుపులో తల్లి బరువే బిడ్డను నలుపును. గోడకు తగిలించు ఊయల ఎక్కునప్పుడు, దిగునప్పుడు, కుదుపులలో వాడరాదు. ఒడిలో బిడ్డ ఉండగా వేడి కాఫీ తీసుకొనరాదు; పొంగిన కప్పు చాలు, లేత చర్మము బొబ్బలెక్కుటకు.

మిరప అమ్మిన డబ్బులో కొంత తీసి మనుమనికి సీటు కొన్నాను. అల్లుడు మొగమాటపడినాడు. డాలస్‌లో దిగిన పిమ్మట అమ్మాయి ఫోను చేసి, దారిలో ఒకచోట పెద్ద కుదుపు వచ్చినదనియు, వాడు తన సీటులో పాలపీక చప్పరించుచు కూర్చుండెననియు చెప్పినది.