ఓటుకు సెలవు మీ హక్కు: వలస పనివాళ్లకు కొన్ని సూచనలు

2024 ఎన్నికల్లో మడకశిర అసెంబ్లీ ఫలితం 351 ఓట్ల తేడాతో తేలింది. ఏడు బస్సుల్లో పట్టేంత మంది, అంతే. మడకశిర ఉమ్మడి అనంతపురం జిల్లాలో, కర్ణాటక సరిహద్దులో ఉంది. శిర, పావగడ, మధుగిరి, గౌరిబిదనూరు అన్నీ చుట్టుపక్కలే. మడకశిర పల్లెల నుంచి బెంగళూరు కట్టడం పనులకు, గార్మెంట్ ఫ్యాక్టరీలకు పోయినవాళ్లు ఊరికి ఏడుగురున్నా ఆ తేడా అటూ ఇటూ అయ్యేది. అదే ఏడాది ధర్మవరంలో తేడా నాలుగు వేల లోపే. ఉరవకొండలో 2014లో 2,275 ఓట్లు, 2019లో 2,132 ఓట్లు. ఆ రెండుసార్లూ గెలిచినవి వేర్వేరు పార్టీలు.

బెంగళూరులో సెంట్రింగ్ పనిచేసేవాళ్లు, కేరళకు పోయిన కదిరి ప్రాంతం కూలీలు, పెనుకొండ దగ్గర ఫ్యాక్టరీల్లో కాంట్రాక్టు మీద ఉన్నవాళ్లు, లారీ డ్రైవర్లు, సెక్యూరిటీ గార్డులు, హోటళ్లలో సప్లయర్లు, వీళ్ల కోసమే ఈ నాలుగు మాటలు. ఎన్నికలు వచ్చినప్పుడల్లా వీళ్ల నోట వినిపించే లెక్క ఒకటుంది: "పోయి రావడానికి రెండు దినాల కూలీ పాయె, బస్సు ఛార్జీ పాయె, ఈలోపల మేస్త్రీ ఇంకొకర్ని పెట్టుకుంటాడు. మా ఒక్క ఓటుతో ఏమైతుందిలేన్నా." ఇది సోమరితనంతో అనే మాట కాదు. రోజుకూలీ మీద ఇల్లు నడిపేవాళ్లు వేసుకునే లెక్క. కాబట్టి దానికి లెక్కతోనే జవాబు చెప్పాలి. ఆ నష్టంలో కొంత చట్టం పూడుస్తుంది, కొంత ముందుచూపు పూడుస్తుంది. మిగిలిన ఖర్చు మాత్రం పెట్టదగినదే.

కరువు నేలలో ఓటు ఎందుకు

అనంతపురం వర్షచ్ఛాయా ప్రాంతం. ఏడాదంతా కలిపి పడే వాన సగటున 550 మిల్లీమీటర్ల దగ్గర ఉంటుంది. అదీ అదనుకు పడదు. వేరుశనగ వేసి ఆకాశం వైపు చూడటం తాతల కాలం నుంచీ వస్తున్నదే. వానను ఎవరూ తెప్పించలేరు. అయితే వాన తప్పాక జరిగేదంతా మనుషుల నిర్ణయమే. ఏ మండలాన్ని కరువు మండలంగా ప్రకటించాలి, ఇన్‌పుట్ సబ్సిడీ ఎంత, పంటల బీమా ఎలా కట్టాలి, ఎప్పుడివ్వాలి? తుంగభద్ర ఎగువ కాలువలో మన వాటా నీళ్లు చివరిదాకా వస్తాయా? శ్రీశైలం జలాశయం నుంచి హంద్రీ-నీవా పథకం ద్వారా ఎత్తిపోసిన కృష్ణా నీళ్లు జీడిపల్లి, గొల్లపల్లి, చెర్లోపల్లి జలాశయాలకు చేరాక ఏ చెరువు ముందు నిండాలి? వీటిని తేల్చేది అసెంబ్లీలో, సచివాలయంలో కూర్చున్నవాళ్లు. వాళ్లను అక్కడ కూర్చోబెట్టేది ఓటు.

ఉపాధి హామీ పథకం దేశంలో మొదలైంది మన నార్పల మండలం బండ్లపల్లిలోనే, 2006 ఫిబ్రవరి 2న. దానికి ఆధారమైన చట్టాన్ని 2005లో చేసింది ఓటుతో ఏర్పడిన పార్లమెంటు. ఊర్లో పని దొరికితే వలస పోనక్కర్లేదు, ఆ పని అడగడం హక్కని రాసిన చట్టం అది. వలస కూలీ బతుకుకు, ఓటుకు ఉన్న సంబంధం ఇంతకంటే స్పష్టంగా ఎక్కడ కనిపిస్తుంది?

ఇంకొక సంగతి చాలామందికి తెలియదు. మీరు ఎవరికి ఓటేశారన్నది రహస్యం. మీ బూత్‌లో మొత్తం ఎన్ని ఓట్లు పడ్డాయి, ఏ అభ్యర్థికి ఎన్ని వచ్చాయన్నది రహస్యం కాదు. ఫారం 20 అనే పట్టికలో బూత్‌ల వారీగా ఆ లెక్క అందరికీ అందుబాటులోకి వస్తుంది. అన్ని పార్టీలూ ఆ పట్టిక పెట్టుకునే తర్వాతి ఎన్నికల లెక్కలు వేసుకుంటాయి. ఎనిమిది వందల ఓట్లున్న ఊర్లో మూడు వందల మంది వలసపోయి రాకపోతే, ఆ మూడు వందల మంది ఏం కోరుకుంటున్నారో లెక్కలో ఎక్కడా ఉండదు. బెంగళూరులో మీరు పడే బాధలు, ఊర్లో మీ ముసలివాళ్లకు అందని పింఛను, మీ పిల్లల చదువు, వీటి గురించి అడగాల్సిన గొంతు అక్కడే ఆగిపోతుంది. అభ్యర్థుల్లో ఎవరూ నచ్చకపోతే నోటా మీట ఉంది. సుప్రీంకోర్టు తీర్పుతో 2013లో వచ్చింది. నోటాకు ఎక్కువ ఓట్లు పడ్డా అసెంబ్లీ ఎన్నిక రద్దు కాదు, అభ్యర్థుల్లో ఎక్కువ ఓట్లు వచ్చినవారే గెలుస్తారు. అయినా మీ అసంతృప్తి అంకెగా నమోదవుతుంది. ఇంట్లో కూర్చుంటే అదీ ఉండదు.

సెలవు, ఆ రోజు కూలీ

ప్రజాప్రాతినిధ్య చట్టం 1951లో సెక్షన్ 135బి ఉంది. లోక్‌సభ, అసెంబ్లీ ఎన్నికల్లో ఓటు హక్కున్న ప్రతి ఉద్యోగికీ పోలింగ్ రోజు జీతంతో కూడిన సెలవు ఇవ్వాలని అది చెబుతుంది. దుకాణం, ఫ్యాక్టరీ, హోటల్, ఏ సంస్థయినా సరే. సెలవు ఇచ్చి ఆ రోజు జీతం కోసుకోకూడదు. రోజుకూలీలకు, క్యాజువల్ కార్మికులకు కూడా ఇది వర్తిస్తుందని ఎన్నికల సంఘం చెప్పింది. ఓటు ఒక నియోజకవర్గంలో, పని ఇంకొక చోట ఉన్నవాళ్లకు కూడా ఈ హక్కు ఉందని స్పష్టం చేసింది. పనివాడు లేకపోతే ప్రమాదమో, భారీ నష్టమో జరిగే పనులకు మాత్రం మినహాయింపు ఉంది. సెలవు ఇవ్వని యజమానికి చట్టంలో రాసిన జరిమానా 500 రూపాయల వరకే. చిన్న మొత్తమే అయినా, మీరు అడుగుతున్నది దయ కాదని యజమానికి తెలియడానికి ఆ సెక్షన్ చాలు.

రెండు విషయాలు గుర్తుంచుకోండి. సెలవు పోలింగ్ రోజుకే, ప్రయాణం రోజులకు కాదు. ఆ రోజులకు మీ సొంత సెలవు వాడుకోవాలి, లేదా ఆదివారం పనిచేసి సర్దుకోవాలి. పంచాయతీ, మున్సిపల్ ఎన్నికలు ఈ సెక్షన్ కిందికి రావు. వాటికి రాష్ట్ర ప్రభుత్వం ఇచ్చే సెలవు ఉత్తర్వు చూసుకోవాలి.

పక్క రాష్ట్రంలో పనిచేసేవాళ్లు ఇంకొంచెం జాగ్రత్తగా ఉండాలి. 2024లో బెంగళూరులో పోలింగ్ ఏప్రిల్ 26న జరిగింది, ఆంధ్రప్రదేశ్‌లో మే 13న. బెంగళూరు యజమానికి మే 13 మామూలు సోమవారమే. మీరు చెప్పకపోతే ఆయనకు తెలియదు. అందుకే ఎన్నికల షెడ్యూలు ప్రకటించిన వారంలోనే రాతపూర్వకంగా అడగండి. ఇంత చాలు:

"అయ్యా, నేను ఆంధ్రప్రదేశ్‌లోని ఫలానా నియోజకవర్గం ఓటరును. అక్కడ ఫలానా తేదీన పోలింగ్ ఉంది. ప్రజాప్రాతినిధ్య చట్టం 1951, సెక్షన్ 135బి ప్రకారం ఆ రోజు జీతంతో సెలవు ఇప్పించగలరు. ప్రయాణం కోసం ముందురోజు నా సొంత సెలవు తీసుకుంటాను. ఓటరు కార్డు నకలు జతచేశాను."

ఒక్కరే అడగకుండా మీ ఊరివాళ్లు, మీ తాలూకావాళ్లు కలిసి అడగండి. ఎవరు ముందు పోతారు, ఎవరు పని చూసుకుంటారు అన్నది కూడా మీరే రాసిస్తే మేస్త్రీకి కాదనే కారణం ఉండదు.

పేరు ఎక్కడ ఉండాలి

సొంత ఇల్లు ఉన్నంత మాత్రాన ఓటు రాదు. మామూలుగా ఎక్కడ నివసిస్తున్నారన్నదే చట్టం చూస్తుంది. పనికోసం కొన్నాళ్లు ఊరు విడిచి పోయినంత మాత్రాన ఊర్లో ఓటు పోదు. కాబట్టి నిజాయితీగా చూసుకోండి. వేరుశనగ విత్తే కాలానికి వచ్చి, కోతలయ్యాక మళ్లీ పోతున్నారా? భార్యాపిల్లలు, రేషన్, పొలం ఊర్లోనే ఉన్నాయా? మీ ఓటు ఊర్లోనే ఉంచుకోండి. కుటుంబమంతా ఏళ్ల తరబడి బెంగళూరులో కాపురం ఉంటూ, పిల్లలు అక్కడే చదువుతూ, పండగకు మాత్రమే ఊరికి వస్తున్నారా? ఫారం 8 ఇచ్చి ఓటు అక్కడికి మార్చుకోవడమే సరైన పని. అక్కడి నీళ్లు, బస్సులు, బడి గురించి అడిగే హక్కు దాంతో వస్తుంది.

సరిహద్దు ఊళ్లలో కొందరికి రెండువైపులా ఓట్లున్నాయి. ఇది నేరానికి దారి తీస్తుంది. ఒకరికి ఒక్క చోటే ఓటుండాలి. తప్పుడు వివరాలతో నమోదు చేసుకుంటే ఏడాది వరకు జైలు శిక్ష ఉంది. రెండోది వెంటనే తీయించుకోండి.

జాబితాలో పేరు ఉందా

ఓటరు కార్డు ఉంటే ఓటున్నట్టు కాదు, జాబితాలో పేరుంటేనే ఓటు. తాళం వేసిన ఇళ్లే వలసవాళ్లకు పెద్ద ప్రమాదం. బూత్‌స్థాయి అధికారి రెండుమూడుసార్లు వచ్చి, ఇంట్లో ఎవరూ లేకపోతే "శాశ్వతంగా వెళ్లిపోయారు" అని రాసుకునే అవకాశం ఉంది. 2025లో బిహార్‌లో జరిగిన ఓటర్ల జాబితా ప్రత్యేక సవరణ తర్వాత ముసాయిదా జాబితాలో సుమారు 65 లక్షల పేర్లు లేకుండాపోయాయి. శాశ్వతంగా వెళ్లిపోయారనో, కనిపించలేదనో రాసినవి వాటిలో పెద్ద భాగం. మనకు దగ్గరి ఉదాహరణ ఉరవకొండ. అక్కడ నిబంధనలు పాటించకుండా ఓట్లు తీసేశారన్న ఫిర్యాదు మీద ఎన్నికల సంఘం విచారించి, 2023లో జిల్లాస్థాయి అధికారి మీదే చర్య తీసుకుంది. ఒకరు పట్టుబట్టి ఫిర్యాదు చేయబట్టే ఆ విషయం బయటికి వచ్చింది.

కాబట్టి ఏడాదికి రెండుసార్లయినా పేరు చూసుకోండి. సంక్రాంతికి, ఉగాదికి ఊరికి వచ్చినప్పుడు బూత్‌స్థాయి అధికారి నెంబరు మీ ఊరి సచివాలయంలో తీసుకోండి. ఇంట్లో ఉండే పెద్దవాళ్లకు, పక్కింటివాళ్లకు "మావాళ్లు పనికి పోయినారు, మళ్లీ వస్తారు" అని అధికారికి చెప్పమనండి. జాబితాను ఎన్నికల సంఘం వెబ్‌సైటులో మీరే చూసుకోవచ్చు, 1950కి ఫోన్ చేసి అడగవచ్చు. పేరు పోతే కొత్తగా ఫారం 6 ఇవ్వాలి. తొలగింపు తప్పనిపిస్తే జిల్లా ఎన్నికల అధికారికి, అంటే కలెక్టరుకు, అప్పీలు చేసుకునే వీలుంది. 18 నిండిన పిల్లలు జనవరి దాకా ఆగనక్కర్లేదు. జనవరి, ఏప్రిల్, జులై, అక్టోబర్ ఒకటో తేదీలు నాలుగూ ఇప్పుడు అర్హత తేదీలే.

ఈ పని షెడ్యూలు వచ్చాక మొదలుపెడితే ఆలస్యమవుతుంది. విత్తన కాయలు వాన పడ్డాక వెతుక్కునే రైతు ఎవరూ ఉండరు కదా, ఇదీ అంతే.

ప్రయాణం, బూత్

వలస కార్మికులకు పోస్టల్ బ్యాలెట్ లేదు. ఎన్నికల విధుల్లో ఉన్నవాళ్లకు, సైన్యంలో ఉన్నవాళ్లకు, 85 ఏళ్లు దాటినవాళ్లకు, 40 శాతం, అంతకు పైగా వైకల్యం ఉన్నవాళ్లకు, ఇంకా కొన్ని అత్యవసర సేవలవాళ్ల లాంటి కొందరికే అది. ఉన్నచోటనుంచే ఓటేసే యంత్రం ప్రతిపాదనను ఎన్నికల సంఘం 2023 జనవరిలో పార్టీలతో చర్చించింది, అది అమలులోకి రాలేదు. అంటే మనిషి కదిలి రావాల్సిందే.

బెంగళూరు నుంచి హిందూపురం, ధర్మవరం, అనంతపురం వైపు రైళ్లున్నాయి. పోలింగ్ ముందురోజు వాటిల్లో కాలు పెట్టే చోటుండదు, ప్రైవేటు బస్సులు రేట్లు పెంచుతాయి. షెడ్యూలు రాగానే టికెట్ తీసుకోండి, లేదా పదిమంది కలిసి వాహనం మాట్లాడుకోండి. నెలకు వంద రూపాయల చొప్పున పక్కన పెడితే ఎన్నికల నాటికి ఛార్జీ భారం కాదు. పార్టీలు పెట్టే ఉచిత బస్సు ఎక్కకండి. ఓటర్లను బూత్‌కు అభ్యర్థి తరఫున ఉచితంగా చేరవేయడం చట్టం దృష్టిలో అక్రమం. ఓటుకు డబ్బు ఇవ్వడమూ తీసుకోవడమూ రెండూ నేరాలే. మీ ఛార్జీ మీరు పెట్టుకుని వస్తే బూత్‌లో ఎవరి మొహమాటమూ ఉండదు.

ఓటరు కార్డు దొరక్కపోతే ఆధార్, ఉపాధి హామీ జాబ్ కార్డు, ఫోటో ఉన్న బ్యాంకు పాసుబుక్కు, డ్రైవింగ్ లైసెన్సు, పాన్ కార్డు, ఫోటో ఉన్న పింఛను పత్రం లాంటివి చెల్లుతాయి. ఓటరు స్లిప్పు ఒక్కటే చాలదు. పొద్దున్నే పోతే అదే రోజు బస్సెక్కవచ్చు. పోలింగ్ ముగిసే సమయానికి వరుసలో నిలబడినవాళ్లందరికీ ఓటేసే హక్కుంది, వెళ్లిపొమ్మంటే వెళ్లకండి. మీ పేరు మీద ఇంకెవరో ఓటేసి పోయారని చెబితే, మీ గుర్తింపు చూపించి టెండర్ ఓటు అడగండి. అది ఇవ్వడం ప్రిసైడింగ్ అధికారి బాధ్యత.

మేస్త్రీలకు, సూపర్‌వైజర్లకు

మీరు కూడా ఏదో ఒక పల్లెనుంచి వచ్చినవారే. 2004లో కర్ణాటకలోని సంతెమరహళ్లి అసెంబ్లీ స్థానంలో ఒక అభ్యర్థి ఒకే ఒక్క ఓటుతో ఓడిపోయారు. పోలింగ్ రోజు ఆయన కారు డ్రైవరు పనిలో ఉండిపోయి ఓటేయలేకపోయాడని పత్రికల్లో వచ్చింది. ఒక్క పనివాడికి ఒక్క పూట సెలవు ఎంత దూరం పోతుందో చెప్పడానికి ఇది చాలు. పోలింగ్ రోజున స్లాబ్ వేయకుండా తేదీ అటూ ఇటూ జరపండి. మీ దగ్గర పనిచేసేవాళ్ల ఊళ్లలో పోలింగ్ ఎప్పుడో ముందే అడిగి రాసిపెట్టుకోండి. సెలవు మీద పోయినవాళ్ల పని వాళ్లకే ఉంటుందని అందరి ముందూ చెప్పండి. కూలీని ఆపేది కూలీ డబ్బుకంటే పని పోతుందన్న భయమే. ఆ భయం తీర్చగలిగింది మీరే.

ఇప్పుడే చేయాల్సినవి

ఎన్నికలు ఎప్పుడో అని ఊరుకోకండి. అసెంబ్లీ కాకపోతే పంచాయతీ ఉంటుంది. వార్డు సభ్యుణ్ని తేల్చడానికి కొన్ని పదుల ఓట్లు చాలు. సమానంగా వస్తే చీటీ తీసి నిర్ణయిస్తారు. ఈ వారంలో ఇంట్లో అందరి పేర్లూ జాబితాలో చూడండి. బూత్‌స్థాయి అధికారి నెంబరు ఫోన్‌లో వేసుకోండి. రెండు చోట్ల ఓటుంటే ఒకటి తీయించండి. మీ సైటులో, మీ ఫ్యాక్టరీలో మన జిల్లావాళ్ల పేర్లు ఒక కాగితం మీద రాసి, వాళ్లనూ ఈ పని చేయమనండి. కరువు మనల్ని ఊరు దాటించింది, ఊరి నిర్ణయాల నుంచి దాటించే హక్కు దానికి ఇవ్వకండి.