పంట పోయాక ఎన్నేళ్లు?



బ్యాంకులో చేరీ చేరగానే నిన్ను అనంతపురం వేశారంటే సంతోషమే. అప్పు దరఖాస్తులో రిస్కు తక్కువా, ఎక్కువా అని ఎట్లా తేల్చాలో చెప్పమన్నావు. ఆ కాగితం అట్లా పెట్టి ముందు చేనులోకి దిగు.

జిల్లా సగటు వాన 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూ. ఆ అంకెను పట్టుకుని లెక్క కడితే దెబ్బతింటావు. ఆరుద్ర, పునర్వసు కార్తెల్లో పదును దొరికితే శనక్కాయకు గొర్రు పడుతుంది. నెల దాటాక పూత, దాని వెనకే ఊడలు దిగే వేళ. మన ఎర్రనేలలకు లోతు తక్కువ, తేమ నిలవదు. సరిగ్గా అప్పుడు మూడు వారాలు బెట్ట పడితే నేల గట్టిపడి ఊడ లోపలికి పోలేదు. ఆ తర్వాత ఎంత కురిసినా చెట్టు పచ్చబడుతుందే గానీ కాయ నిండదు. గట్టు మీద నిలబడి చూస్తే చేను కళకళలాడుతూనే ఉంటుంది. నువ్వు ఒక చెట్టు పీకి చూడు. ఊడలు మన్ను తగలకుండా వేలాడుతుంటే ఆ ఏటి లెక్క అక్కడే తేలిపోతుంది. పీకే వేళకు వాన పట్టుకుందా, గుత్తి రకాలు కాయలోనే మొలకెత్తుతాయి, కట్టె కుళ్లి మేతకూ పనికిరాదు.

వానొక్కటే కాదు. 2000 ఖరీఫ్‌లో పాత అనంతపురం జిల్లాలో రెండు లక్షల హెక్టార్లకు పైగా శనక్కాయకు కాండం కుళ్లు వైరస్ సోకింది. దాని పుట్టిల్లు గట్ల మీది వయ్యారిభామ. ఆ పుప్పొడిలో వైరస్ ఉంటుంది, తామర పురుగులు ఆకును గీకిన చోట లోపలికి పోతుంది. ఒక్క రైతు తన గట్టు శుభ్రం చేసుకుంటే చాలదు, పక్కవాడి బీడూ, రోడ్డు వారా కూడా శుభ్రమవ్వాలి. చేను చుట్టూ నాలుగు సాళ్లు జొన్నో సజ్జో వేయమనేది పక్క నుంచి వచ్చే ఆ పురుగును ఆపడానికే.

ఏడు సాళ్ల శనక్కాయకు ఒక సాలు కంది వేసిన రైతును చూస్తే నాకు ధైర్యం. కంది వేరు లోతుకు పోయి వెనకొచ్చే వానలు అందుకుంటుంది. అదే శనక్కాయ, ఎనుములు, కూలి అని మూడు రాబడులు రాసుకొస్తే మాత్రం సంబరపడకు. కరువొస్తే మేత ఉండదు, ఎనుములు అగ్గువకు పోతాయి, ఊళ్లో కూలీ దొరకదు. మూడూ ఒకే వానను నమ్ముకున్నవి.

ఇక చీనీ తోటలు. బ్యాంకులకు అవంటే ముద్దు. శనక్కాయ తరచూ పోతుంది, పోతే ఒక ఏటి పెట్టుబడి. చీనీ అరుదుగా పోతుంది, పోతే మొక్క నాటిన నాటి నుంచి పెట్టిందంతా పోతుంది, మళ్లీ నాటితే కాపుకు ఐదారేళ్లు. బోర్లు ఎండిన ఏళ్లలో ట్యాంకర్లతో నీళ్లు తోలి, చివరికి చెట్లు కొట్టేసుకున్న రైతులు ఇక్కడ ఎందరో. కాబట్టి నష్టం ఎన్నిసార్లు వస్తుందని అడిగాక, వస్తే తేరుకోవడానికి ఎన్నేళ్లని కూడా అడుగు. నన్నడిగితే ఈ రెండోదే పెద్ద ప్రశ్న. బోరు లోతు రాసుకుని వచ్చేయకు. ఏప్రిల్‌లో పోయి, మోటారు ఆగకుండా ఎంతసేపు పోస్తుందో నిలబడి చూడు.

బీమా ఉంది కదా అంటావు. 2016లో వచ్చిన ఫసల్ బీమాలో ఖరీఫ్ నూనెగింజలకు రైతు వాటా 2 శాతమే, మంచిదే. కానీ నష్టాన్ని కొలిచే గీటురాయి ఆ ప్రాంతపు పాత దిగుబడుల సగటు. వరసగా కరువులు చూసిన చోట ఆ సగటే కిందికి జారి ఉంటుంది, పరిహారమూ దాంతో పాటే. పైగా కోత ప్రయోగాలు జరిగేది ఎంచుకున్న కొన్ని చేలల్లోనే. వాన మాత్రం ఎద్దు ఒక కొమ్ము తడిపి రెండోది వదిలేసే రకం.

కౌలు సంగతి మరవకు. పాస్‌బుక్ యజమానిది, పెట్టుబడి కౌలుదారుది. 2019 చట్టం కింద సాగు హక్కు పత్రం రావాలన్నా యజమాని ఒప్పుకోవాలి, చాలామంది ఒప్పుకోరు. అప్పు ఒకరి పేర, నష్టం ఇంకొకరి నెత్తిన. చేనుకు పోయినప్పుడు విత్తనకాయ ఎవరు కొన్నారో అడుగు. ఆ మనిషి పేరు దరఖాస్తులో లేకపోతే రిమార్కుల్లో ఆ ముక్క రాయి, మీ మేనేజరు విసుక్కున్నా సరే.

మీ పెదనాయన